నూతిలో ఊట తగ్గినప్పుడు మోటారు ఎలా వాడాలి

వేసవిలో కాలువలకు నీళ్ళు ఆపేసిన పదిహేను రోజులకల్లా ఏటా నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. "నూతిలో నీళ్ళు కనబడుతున్నాయండి, మోటారు వేస్తే పది నిమిషాలకే గాలి లాగేస్తోంది, అర హెచ్‌పీ తీసేసి ఒక హెచ్‌పీ బిగించేయమంటారా?"

వద్దండి. ముందు ఈ మాట చెప్పి మిగతాది తర్వాత చెబుతాను, ఎందుకంటే చాలామంది అడిగే రోజుకే షాపులో బేరం ఆడేసి ఉంటారు. నూతిలోకి నీళ్ళు వచ్చేది ఊట నుంచి. పెద్ద మోటారు వేస్తే ఊట పెరగదు, ఉన్న నీళ్ళు ఇంకా తొందరగా అయిపోతాయి. మన గోదావరి డెల్టాలో దానికి ఇంకో నష్టం కూడా ఉంది, అది ఉప్పు.

మేమూ ఆ పొరపాటు చేశాం. కోనసీమలో మా ఇంటి నుయ్యి 3 అడుగుల సిమెంటు ఒరలది, 16 అడుగుల లోతు. ఒక వేసవిలో ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు బిగించాం. మొదటి వారం బాగానే నడిచింది. మేడ మీద ట్యాంకు తొందరగా నిండుతోందని అందరం సంతోషపడ్డాం. రెండో వారంలో అమ్మ పప్పు వండి, ఉప్పు వేయకుండానే రుచి చూసి, "ఇందులో ఉప్పెవరు వేశారు?" అంది. ఎవరూ వేయలేదు, నీళ్ళే ఉప్పు తగిలాయి. మళ్ళీ పాత రుచి రావడానికి రెండు వర్షాకాలాలు పట్టింది.

కారణం రెండు ముక్కల్లో చెబుతాను. సముద్రానికి దగ్గరగా ఉన్న మన ఊళ్ళలో పైన ఉన్న మంచినీళ్ళు కిందున్న ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు, తడిసిన వరిచేలు, వాన, వీటి నుంచి ఇంకిన నీరే ఆ పై పొర. మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే కింద ఉప్పునీటి హద్దు 40 అడుగుల దాకా పైకి రావచ్చని తీరప్రాంతపు ఇసుక నేలలకు వేసే లెక్క. అందుకే ఒక్కసారిగా లాగకూడదు. కొంచెం కొంచెంగా, మధ్యలో నుయ్యి తేరుకునేంత విరామం ఇస్తూ తీసుకుని ట్యాంకులో దాచుకోవాలి. కింద చెప్పేదంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

ఏమేం కావాలి

- 25 అడుగుల నైలాన్ తాడు, చివర కట్టడానికి బరువైన ఇనుప నట్టు
- చిన్న స్టీలు గ్లాసు ఒకటి
- టేపు, 20 లీటర్ల డబ్బా, టైము చూసుకోవడానికి ఫోను
- టీడీఎస్ మీటరు, అంటే నీటిలో కరిగిన ఉప్పు ఎంతో చూపించేది (ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, ఇది మాత్రం తప్పకుండా కొనండి)
- టెఫ్లాన్ టేపు, ఫుట్‌వాల్వ్‌కి (నూతిలో పైపు చివర ఉండే, నీటిని వెనక్కి పోనివ్వని వాల్వ్) విడి వాషరు
- ఒక నోటుబుక్కు. ఫోనులో రాసుకుంటామంటారు గానీ నూతి దగ్గర తడి చేతులతో అది జరగదు

1. పొద్దున్నే నీటిమట్టం కొలవండి

తెల్లవారుజామున, ఇంట్లో ఎవరూ నీళ్ళు తోడకముందు కొలవాలి. రాత్రంతా కదపని నీరు కాబట్టి అదే అసలు మట్టం.

తాడుకి అడుగుకో ముడి వేయండి, చివర నట్టు కట్టి అడుగు తగిలేదాకా వదలండి. పైకి లాగాక తడిసిన భాగం ఎంతో అదే మీ దగ్గరున్న నీళ్ళు. చీకట్లో నీరు కనబడకపోతే ఇంకో పద్ధతి ఉంది. స్టీలు గ్లాసుని బోర్లా వచ్చేలా తాడుకి కట్టి మెల్లగా దించండి. నీటిని తాకగానే "టప్" అని శబ్దం వస్తుంది. రెండుమూడు సార్లు పైకెత్తి దించితే అంగుళం తేడాతో మట్టం తెలిసిపోతుంది. మా నూతిలో టార్చి వేసి చూసినదానికంటే ఈ గ్లాసు లెక్కే నాకు ఎప్పుడూ సరిగ్గా వచ్చింది.

ఒర లోపలి వెడల్పు కూడా కొలవండి. చాలామంది బయటి అంచు నుంచి కొలిచేసి ఎక్కువ నీళ్ళున్నాయనుకుంటారు. లెక్క ఇదీ:

- 3 అడుగుల ఒర: అడుగు లోతుకి సుమారు 200 లీటర్లు, అంగుళానికి 16 నుంచి 17
- 4 అడుగుల ఒర: అడుగుకి 355, అంగుళానికి 30
- 5 అడుగుల ఒర: అడుగుకి 555, అంగుళానికి 46

2. ఊట ఎంతో తేల్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, దాదాపు ఎవరూ చేయనిదీ ఇదే. మోటారు వేసి మట్టాన్ని 2 అడుగులు దింపండి, అంతకన్నా వద్దు. ఆపేయండి. ఆపిన వెంటనే ఒకసారి, సరిగ్గా గంట తర్వాత ఒకసారి మట్టం కొలవండి. ఆ గంటలో ఇంట్లో ఎవరూ చేద వేయకూడదు, ముందే చెప్పి ఉంచండి.

3 అడుగుల ఒరలో గంటకి 9 అంగుళాలు పెరిగిందనుకోండి. అంటే ఊట గంటకి 150 లీటర్లు. వినడానికి తక్కువే. కానీ రోజుకి 24 గంటలు! నుయ్యి నిండేకొద్దీ ఊట నెమ్మదిస్తుంది కాబట్టి పూర్తి లెక్కలో సగమే వేసుకోండి, అప్పటికీ రోజుకి 1,800 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి స్నానాలు, బట్టలు, వంట, గేదె కుడితి అన్నీ కలిపి సరిపోతాయి. "మా నూతిలో నీళ్ళు లేవు" అని వచ్చిన ఇళ్ళలో నేను కొలిచి చూస్తే చాలాచోట్ల నీళ్ళు ఉన్నాయి. పొద్దున్న ఆరింటికి అందరూ ఒకేసారి కావాలనడం వల్లే చాలడం లేదు.

ఈ కొలత ఒక్కసారితో సరిపోదు. కాలువ కట్టినప్పుడు ఒకసారి, మే నెల మొదట్లో ఒకసారి, రోహిణి కార్తెలో ఒకసారి చేయండి. మూడుసార్లూ మూడు రకాలుగా వస్తుంది.

3. మీ మోటారు నిజంగా ఎంత తోడుతోంది?

మోటారు అట్టపెట్టె మీద రాసింది నమ్మకండి. ట్యాంకు దగ్గర పైపు చివర 20 లీటర్ల డబ్బా పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 40 సెకన్లు పడితే నిమిషానికి 30 లీటర్లు, గంటకి 1,800. ఊటేమో గంటకి 150. పన్నెండు రెట్లు తేడా. మోటారు గాలి లాగడానికి కారణం ఇదే.

ఇక సమయాలు వేసుకోవడం సులువు. నిమిషానికి 30 లీటర్ల చొప్పున పది నిమిషాలు వేస్తే 300 లీటర్లు, 3 అడుగుల ఒరలో అడుగున్నర దిగుతుంది. మళ్ళీ నిండడానికి రెండు గంటలు, ఊట నెమ్మదిస్తుంది కాబట్టి ఇంకో గంట కలపండి. పొద్దున్న 5, 9, మధ్యాహ్నం 1, సాయంత్రం 5, రాత్రి 9. అయిదుసార్లు, పదేసి నిమిషాలు, రోజుకి 1,500 లీటర్లు. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇదే.

మీ లెక్క వేరుగా వస్తుంది. ఒకటి మాత్రం మారదు: ఒక్కసారికి 2 అడుగులకు మించి మట్టం దింపకండి.

4. ఫుట్‌వాల్వ్ ఎత్తు సరిచేయండి

మోటారు మెయిన్ ఆపేసి, మెయిన్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టి పైపు పైకి తీయండి. జాలీలో ఏముందో చూడండి. మాకు కొబ్బరి పీచు, ఆకులు, ఒకసారి నత్త గుల్లలు దొరికాయి. లోపలి వాషరు గట్టిపడి ఉంటే మార్చేయండి.

తిరిగి దించేటప్పుడు ఫుట్‌వాల్వ్ నూతి అడుగు నుంచి కనీసం ఒక అడుగు పైన ఉండాలి. "ఇంకొంచెం దించితే ఇంకొన్ని నీళ్ళు వస్తాయి కదా" అని అడుగుకి ఆనించేస్తారు. దాంతో ఒండ్రు లాగుతుంది, ఇసుకకి మోటారు సీలు అరిగిపోతుంది, పైగా ఉప్పు ఎక్కువుండే నీరు కింది పొరలోనే ఉంటుంది.

మోటారు నేల మీద ఉండి లాగే పద్ధతి అయితే మోటారు నుంచి నీటిమట్టానికి 20, 22 అడుగులు దాటితే పనిచేయదు. మన వైపు ఇళ్ళ నూతుల్లో అంత లోతు సాధారణంగా రాదు కాబట్టి "మోటారు ఎత్తలేకపోతోంది" అన్న మాట ఎక్కువసార్లు తప్పే. లోపం ఇంకోచోట ఉంటుంది, ఆరో అంకెలో చెబుతాను.

5. తోడే వేగం తగ్గించాలంటే

ఇక్కడ జాగ్రత్తగా చదవండి, దీనివల్ల మోటార్లు కాలిపోయాయి. నీళ్ళు తగ్గించడానికి పైపుకి గేట్‌వాల్వ్ పెట్టి సగం మూసేయమని ఎవరో ఒకరు చెబుతారు. నూతి వైపు పైపుకి అయితే ఏ మోటారుకీ అలా చేయకండి. ట్యాంకు వైపు మూయడం మామూలు సెంట్రిఫ్యూగల్ మోనోబ్లాక్‌కి పరవాలేదు. కానీ ఇళ్ళలో ఎక్కువగా ఉండే చిన్న సెల్ఫ్ ప్రైమింగ్ అర హెచ్‌పీ మోటార్లు వేరే రకం. వాటికి దారి మూసేకొద్దీ లోడు పెరిగి వేడెక్కిపోతాయి.

బదులుగా ట్యాంకు వైపు పైపుకి ఒక టీ (మూడు దారుల జాయింటు) వేసి, ఆ కొమ్మకి వాల్వ్ పెట్టి నూతిలోకే తిప్పేయండి. వాల్వ్ తెరిచిన కొద్దీ కొంత నీరు మళ్ళీ నూతిలోకే పోతుంది, ట్యాంకుకి తక్కువ వెళ్తుంది, మోటారుకి ఇబ్బంది ఉండదు. వెనక్కొచ్చే పైపు చివర నీటిలో మునిగి ఉండాలి, ఫుట్‌వాల్వ్‌కి దూరంగా ఉండాలి. పైనుంచి దబదబా పడితే ఒండ్రు లేచి నీరు బురద అవుతుంది, గాలి బుడగలు కూడా లాగేస్తుంది. ఇందులో కరెంటు కొంత దండగే, అది నిజం. టైమరుతో పని జరిగిపోతే ఈ టీ అసలు అక్కర్లేదు.

6. మోటారు తిరుగుతోంది, నీళ్ళు రావడం లేదు: ఎక్కడ చూడాలి

ముందు ఆపేయండి. ఖాళీగా తిరిగితే సీలు అయిదు నిమిషాల్లోనే పాడైపోవచ్చు. తర్వాత ఈ వరసలో వెళ్ళండి.

గ్లాసు తాడుతో మట్టం చూడండి. ఫుట్‌వాల్వ్ మునిగి లేకపోతే వేరే లోపం వెతకక్కర్లేదు, నుయ్యి నిండేదాకా ఆగాలి.

మునిగే ఉంటే, మోటారు పైన మూత విప్పి నిండా నీళ్ళు పోసి గంటసేపు వదిలేయండి. నీళ్ళు దిగిపోతే ఫుట్‌వాల్వ్ నిలపడం లేదు, వాషరు చూడండి. నీళ్ళు నిలబడి ఉన్నాయి, అయినా మోటారు వేయగానే గాలి లాగుతోంది అంటే నూతికీ మోటారుకీ మధ్య ఏదో జాయింటు గాలి పీలుస్తోంది. ఆ జాయింటు కనిపెట్టడం కష్టం, ఎందుకంటే అది నీటిని బయటికి కార్చదు, గాలిని లోపలికి లాగుతుంది. నేను చేసేది ఇదీ: తడి గుడ్డ తీసుకుని ఒక్కో జాయింటుకీ గట్టిగా చుట్టి మోటారు శబ్దం వింటాను. సరైన జాయింటు మీద గుడ్డ పడగానే ఆ గరగర శబ్దం మారిపోయి నీళ్ళు అందుకుంటాయి. చాలాసార్లు యూనియన్ (రెండు పైపులని కలిపే, విప్పదీసే జాయింటు) దగ్గరే దొరుకుతుంది. విప్పి, పాత టెఫ్లాన్ టేపు మొత్తం గీకేసి కొత్తది చుట్టండి. పాతదాని మీదే చుట్టేస్తే పదిరోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది.

మోటారు తిరగకుండా ఊఁ అని మూలుగుతుంటే అది నీటి గొడవ కాదు. వోల్టేజీ తక్కువగానైనా ఉండాలి, కండెన్సర్ అయినా పోయి ఉండాలి. వెంటనే ఆపి మెకానిక్‌ని పిలవండి. కర్రపుల్లతో ఫ్యాను తిప్పి స్టార్ట్ చేయడం చూస్తుంటాను, దయచేసి చేయకండి.

7. టైమరు, రక్షణ

రోజుకి అయిదుసార్లు స్విచ్ వేసి పది నిమిషాలకి గుర్తుపెట్టుకుని ఆపడం ఎవరి వల్లా కాదు. ఒకరోజు ఫోను వస్తుంది, మర్చిపోతారు, ఆ టెన్షన్ ఎందుకు. డిజిటల్ టైమరు కొనండి, 16 ఆంపియర్లది, లోపల బ్యాటరీ ఉన్నది. చక్రం తిప్పే పాతరకం టైమరు కరెంటు పోతే ఆగిపోతుంది, వచ్చాక అంతసేపు వెనకపడి నడుస్తుంది. వేసవి కోతల్లో రెండు రోజులకే మీ 5 గంటలు కాస్తా 8 అవుతుంది. పైగా వాటిలో చాలావరకు పావుగంటకి తక్కువ సమయం పెట్టడం కుదరదు.

దానితో పాటు డ్రై రన్ రక్షణ, అంటే నీళ్ళు లేకుండా మోటారు తిరగకుండా ఆపేది ఒకటి. నూతిలో మట్టం తగ్గితే మోటారు ఆగేలా సెన్సర్లు వేలాడదీసే రకం చవక. కానీ మన నీటిలో ఉన్న ఉప్పుకి మామూలు తీగల చివరలు పచ్చగా పట్టి పనిచేయడం మానేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలున్నవి తీసుకోండి, నెలకోసారి తుడవండి.

మేడ మీద ట్యాంకు 1,000 లీటర్లది ఉంటే చాలు. చిన్నదైతే ఇంకోటి పక్కన కలపండి. పెద్ద మోటారుకి పెట్టే డబ్బు రెండో ట్యాంకుకి పెట్టండి. నేను చెప్పేవాటిలో గట్టిగా పట్టుబట్టేది దీనికే.

8. ఉప్పు చూసుకోవడం

మోటారు వేసిన మొదటి నిమిషంలో ఒక గ్లాసు, ఆపబోయే ముందు ఒక గ్లాసు పట్టి రెండింటికీ టీడీఎస్ చూడండి. రెండూ దాదాపు ఒకటే అయితే మీరు తీసే మోతాదు నూతికి సరిపోయింది. చివరి గ్లాసులో అంకె స్పష్టంగా ఎక్కువైతే కింది నీరు పైకి వస్తోందని అర్థం. పది నిమిషాలని ఏడు చేయండి, మూడు రోజులాగి మళ్ళీ చూడండి. మాకు ఆ ఒక హెచ్‌పీ రోజుల్లో మీటరు లేదు, ఉంటే అమ్మ పప్పు దాకా వచ్చేది కాదు.

తాగేనీటికి టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దారి లేనిచోట 2,000 దాకా ఒప్పుకోవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అయితే మీటరు ఉప్పునే చెబుతుంది, క్రిములని చెప్పదు. 300 చూపించింది కదా అని కాచకుండా తాగేయకండి. మరుగుదొడ్డి గుంత నూతికి 50 అడుగుల లోపు ఉంటే ఆ నీరు తాగడానికి అసలు వద్దు.

9. పూడిక తీయించడం

కాలువ వదిలే ముందు, మే చివర, మట్టం బాగా అడుగంటినప్పుడు తీయించాలి. జూన్‌లో కాలువ నీళ్ళు వచ్చాక తీయిద్దామంటే కుదరదు.

నూతిలో మీరు దిగకండి, ఇంట్లో కుర్రాళ్ళని దింపకండి. చాలాకాలం మూసి ఉన్న నూతిలో గాలి పాడై ఉంటుంది, దిగిన మనిషి అరవకుండానే పడిపోతాడు, అతన్ని తీయబోయిన రెండో మనిషీ పోతాడు. దీపం దించి చూడటం పాత అలవాటు. దీపం ఆరిపోతే దిగకూడదన్నది నిజమే, కానీ వెలుగుతోంది కాబట్టి భయం లేదని మాత్రం కాదు. ఆ పని తెలిసినవాళ్ళని పిలవండి. మూత తీసి బాగా గాలాడనివ్వండి, నడుముకి తాడు కట్టి పైన ఇద్దరు ఉండి తీరాలి. ఆయిల్ ఇంజను నూతి లోపల గానీ, గట్టు మీద గానీ నడపకూడదు.

ఇంకో తప్పు, ఉత్సాహం కొద్దీ ఇసుక తోడేయడం. ఆఖరి ఒర కిందికి తవ్వితే ఒరలు కుంగుతాయి, వంకరపోతాయి. ఒండ్రు వరకు తీసి, కడిగిన చిన్న కంకర ఆరంగుళాలు పరిపించండి, ఇసుక పైకి లేవదు.

తర్వాత బ్లీచింగ్. మంచి రకం పొడి అయితే 1,000 లీటర్లకి సుమారు 2.5 గ్రాములు. పొడిని నేరుగా నూతిలో చల్లేయడం అందరూ చేసే పని, అది తప్పు. బకెట్టులో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి పది నిమిషాలు తేరనివ్వండి, పైన తేరిన నీరే నూతిలోకి దించి కలపండి. అడుగున మిగిలిన సున్నం లాంటిది బయట పారేయండి, నూతిలో పడితే నీటి కాఠిన్యం పెరుగుతుంది. రాత్రి వేసి పొద్దున వాడుకోవడం మేలు.

మరి ఊట గంటకి 50 లీటర్లు కూడా లేకపోతే?

అప్పుడు పూడిక తీసి, కంకర వేసి మళ్ళీ కొలవండి. అప్పటికీ రాకపోతే అదే పెరట్లో ఫిల్టర్ పాయింటు (తక్కువ లోతులో పైపు దించే చిన్న బోరు) ఆలోచించాలి. పాత నూతికి వీలైనంత దూరంగా వేయించండి, చేపల, రొయ్యల చెరువు వైపు వద్దు. "ఇంకో రెండు పైపులు దించితే నీళ్ళే నీళ్ళు" అని బోరు వేసేవాళ్ళు అంటారు. నీళ్ళు వస్తాయి, ఉప్పునీళ్ళు. ఇరుగుపొరుగు పైపులు ఎంత లోతులో ఉన్నాయో, రుచి ఎలా ఉందో అడిగి తెలుసుకున్నాకే లోతు ఒప్పుకోండి. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద అనుమతి కూడా ముందే తీసుకోండి.

దానికంటే ముందు మేడ మీద వాన నీటిని నూతికి తిప్పండి. 1,000 చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే 900 లీటర్ల పైనే. ఇసుక, కంకర పోసిన చిన్న తొట్టిలోంచి వడకట్టి పంపాలి. తొలకరి మొదటి రెండు వానలు మాత్రం బయటికి వదిలేయండి, డాబా మీద దుమ్ము, పక్షుల రెట్టలు కడుక్కుపోవాలి.

జూన్‌లో కాలువ వదిలాక మట్టం పైకి రావడం గ్లాసు తాడుతో మీకే తెలుస్తుంది. ఆ వారం పాత సమయాలే నడపండి, టీడీఎస్ రోజూ రాయండి. అంకె తగ్గి నాలుగు రోజులు నిలబడ్డాక ఒక్కోసారికి రెండు నిమిషాలు చొప్పున పెంచుకుంటూ వెళ్ళండి.